గోడలు – తరంగములు : ఇంటి వైఫై రౌటరుపై ఒక పరిశీలన

తీగ లేకుండ వార్తను పంపు విధానమునకు తెలుగువారు 'నిస్తంత్రి' అని పేరు పెట్టుకొన్నారు. మా ఉర్దూ విభాగపు మిత్రులు దానినే 'లాసిల్కీ' అందురు. ఒకటి సంస్కృతమునుండి వచ్చినది, రెండవది అరబ్బీనుండి వచ్చినది. అర్థము మాత్రము ఒక్కటే: తీగ లేనిది. పదనిర్మాణము చక్కగానే ఉన్నది గాని, నేడు మన ఇండ్లలో గోడకు వ్రేలాడుచున్న వైఫై రౌటరుకు ఈ పేరు సగమే చెల్లును. ఎందుకనగా ఆ పెట్టెవరకు వచ్చునది తీగయే. ఇంటి గడపవరకు ఇంటర్నెట్టు తీగ వెంబడి నడచి వచ్చును. గడప దాటిన తరువాతనే తరంగ రూపమున గదులలోనికి వ్యాపించును. తీగ నడచిన భాగము వేరు, తరంగము నడచిన భాగము వేరు. ఈ రెండింటిని విడదీసి చూడగల గృహస్థునకు వైఫై చిక్కులలో చాలవరకు ఇంటిలోనే తీరిపోవును. విడదీయలేనివారు అన్నిటికిని ఆపరేటరునే నిందింతురు, లేదా అన్నిటికిని రౌటరునే నిందింతురు.

తెలుగు పాఠము చెప్పువారికి రౌటరుతో ఏమి పని అని కళాశాల కమిటీ పెద్దలు అడుగవచ్చును. తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు 2016 నుండి 'దోస్త్' అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. విద్యార్థి వేతనపు దరఖాస్తును ఈపాస్ ద్వారా పంపుచున్నాము. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు తరగతి గదియే ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. నాటినుండి ఇంటిలోని ఈ చిన్న పెట్టె కూడ బల్లవలె, దీపమువలె చదువు సామగ్రిలో చేరినది. ఇక రెండవ కారణము డబ్బు. 'వేగము చాలుట లేదు' అని నెలకు మరికొన్ని వందలు పెట్టి పెద్ద ప్లానునకు మారిన తండ్రులను మేము పలువురిని చూచినాము. అందులో చాలమందికి ఆ ఖర్చు వలన ఒరిగినదేమియు లేదు. ఎందుకు ఒరుగలేదో చెప్పుటకే ఈ వ్యాసము.

ఉదాహరణమునకు గోపన్‌పల్లిని తీసికొందము. శేరిలింగంపల్లి మండలములోని ఈ గ్రామము ఒక ప్రక్క హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు పొరుగున, మరొక ప్రక్క నల్లగండ్ల, తెల్లాపూర్ దారులలో ఉన్నది. విశ్వవిద్యాలయము 1974లో ఏర్పడినది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సాఫ్ట్‌వేరు సంస్థలు గచ్చిబౌలి మీదుగా ఇటువైపునకు వ్యాపించినవి; విప్రో ప్రాంగణము గోపన్‌పల్లిలోనే ఉన్నది. ప్రపంచపు కంప్యూటర్లకు పని చేసిపెట్టు భవనములు కనుచూపు మేరలో నిలిచియున్నవి. వాటి నీడలోనే ఒక అద్దె గదిలో పరీక్షా పత్రము తెరచుకొనక విద్యార్థి కిటికీ ప్రక్కన ఫోను పైకెత్తి నిలుచుండును. దీపము క్రింద చీకటి అన్న మాటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మాకు తోచదు.

ఈ ఊరిని ఎంచుకొనుటకు మరొక హేతువు కలదు. ఇక్కడ ఇంటి గోడలు ఒక్క తీరున లేవు. పాత ఊరిలో రాతి గోడలు, ఇటుక గోడలు; వాటి నడుమ ఉద్యోగులకు, విద్యార్థులకు అద్దెకిచ్చు నాలుగైదు అంతస్తుల మేడలు; ఆ పైన ఈ వైపంతయు లేచుచున్న ఆకాశహర్మ్యములు. క్రొత్త భవనములలో అనేకమునకు ఇటుక వాడుట లేదు. అల్యూమినియము అచ్చులు నిలిపి, లోపల ఇనుప చువ్వల అల్లిక పెట్టి, గోడను కప్పును కాంక్రీటుతో పోసివేయుదురు. మేస్త్రీలు, కొనుగోలుదారులు దీనిని 'మైవాన్' కట్టడము అందురు. గోడ నున్నగా వచ్చును, పని వడిగా సాగును. ఆ గోడ రౌటరును ఏమి చేయునో మాత్రము ఇల్లు అమ్మువారు చెప్పరు.

మొదట తీగ సంగతి చూతము. నేడు ఎక్కువ ఇండ్లకు వచ్చుచున్నది రాగి తీగ కాదు, వెండ్రుకవంటి గాజు పోగు. పూతలు తీసివేసిన పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. దానిలో విద్యుత్తు ఉండదు. కంటికి కనిపించని పరారుణ కాంతి మిణుకుమిణుకుమనుచు వార్తను మోయును. ఆపరేటరు నుండి బయలుదేరిన ఒక పోగు వీధి చివర చిన్న పెట్టెలో చీలి 32 లేక 64 ఇండ్లకు పంచబడును. ఇంటిలో దానిని అందుకొను పెట్టెను ఓ.ఎన్.టి. అందురు. కొన్ని ఇండ్లలో ఓ.ఎన్.టి., రౌటరు రెండును ఒకే డబ్బాలో ఉండును. కొన్ని ఇండ్లలో వేరువేరుగా ఉండును. మీ ఇంట ఏ విధముగా ఉన్నదో ఈ వ్యాసము చదువుచుండగనే లేచి చూడవలసినదని కోరుచున్నాము. ముందు ముందు ఆ భేదముతో పని పడును.

ఆ పెట్టెపైని దీపములు చదువుట అక్షరములు చదువుటంత సులభము. 'పాన్' దీపము పచ్చగా నిలకడగా వెలిగిన, వీధిలోని కాంతి ఇంటికి అందుచున్నదని అర్థము. 'ఎల్.ఓ.ఎస్.' అను చోట ఎర్రదీపము వెలిగిన, కాంతి రాలేదని అర్థము. ఎర్రదీపము వెలుగుచున్నంతసేపు రౌటరును ఎన్నిమార్లు ఆపి తెరచినను ఫలము లేదు. పోగు ఎక్కడనో తెగినది, లేదా బాగుగా వంగినది. తలుపు సందులో పడి నలిగినదా, బీరువా జరిపినప్పుడు మడత పడినదా అని ఇంటిలోనే ఒకసారి చూడవలెను. గాజు పోగును చుట్టవలసి వచ్చినప్పుడు అరచేతి వెడల్పునకు తగ్గని వలయముగా చుట్టుట క్షేమము. తెగిన కొనను కంటి దగ్గర పెట్టి చూడరాదు. అందులోని కాంతి కనబడనిది గనుక ప్రమాదమును కనబడదు.

వీధిలో తెగిన పోగు మన చేతిలోనిది కాదు. హైదరాబాదులో ఈ పోగులు ఎక్కువగా విద్యుత్ స్తంభములపైననే వ్రేలాడుచు వచ్చినవి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిరి. అటుపిమ్మట విద్యుత్ సంస్థవారు నగరమంతట స్తంభములపైని కేబుళ్లను తొలగించుటకు పూనుకొనగా, అనేక ఇండ్లలో ఇంటర్నెట్టు ఆగిపోయినది. వివాదము హైకోర్టువరకు వెళ్లినది. ప్రాణములకంటె ఇంటర్నెట్టు ఎక్కువది కాదనుటలో సందేహము లేదు. ఆ దినములలో ఇంటి రౌటరును విప్పి, బిగించి, క్రొత్తది కొని తెచ్చినవారుండిరి. ఎర్రదీపము చదువుట తెలిసియున్న ఆ శ్రమ, ఆ సొమ్ము మిగిలియుండెడిది.

ఇక తరంగముల సంగతి. మా అభిప్రాయమున అసలు పాఠము ఇదియే.

1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఆచార్యులు అతి చిన్న విద్యుదయస్కాంత తరంగములను గోడల గుండ దాటించి, దూరముననున్న గంటను మ్రోగించి, మందుగుండును పేల్చి చూపిరి. రౌటరు నేడు చేయుచున్నది ఆ జాతి పనియే. తరంగము గోడను దాటగలదు; అయితే ఊరకే దాటదు, ప్రతి గోడవద్ద సుంకము చెల్లించి దాటును. ఆ సుంకమెంత అన్నది రెండింటిని బట్టి యుండును: తరంగపు పౌనఃపున్యము, గోడలోని పదార్థము.

మన రౌటర్లు సామాన్యముగా రెండు పౌనఃపున్యములలో పలుకును. ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, రెండవది 5 గిగాహెర్ట్‌జ్. మొదటిదాని తరంగ దైర్ఘ్యము సుమారు 12 సెంటీమీటర్లు. రెండవదానిది దానిలో సగము. మొదటిది దూరము పోవును, గోడలను కొంత సహించును, వేగము తక్కువ. రెండవది మిక్కిలి వడిగలది గాని సుకుమారము, ఒకటి రెండు గోడలకే అలసిపోవును. పాత ఇటుక గోడ ఒకటి అడ్డమున్న రెండింటికిని పెద్ద నష్టము లేదు. చువ్వలతో పోసిన కాంక్రీటు గోడ అట్లు కాదు. చువ్వల అల్లిక తరంగమును కొంత వెనుకకు త్రోసివేయును. కాంక్రీటులోని చెమ్మ మరికొంత మ్రింగివేయును. గోడ ఇంకను పూర్తిగా ఆరని క్రొత్త ఇంటిలో ఈ మ్రింగుడు ఎక్కువ. పాత ఊరిలోని మూరెడు మందపు రాతి గోడయు ఇంచుమించు ఇట్టిదే. కనుక వంద గజముల పాత పెంకుటింటిలో మూలమూలకు అందిన రౌటరు, మూడు పడకగదుల క్రొత్త ఫ్లాటులో రెండవ గదికే చేరకపోవుటలో వింత లేదు.

దీనిని కొలుచుటకు సాధనము మన చేతిలోనే ఉన్నది. ఫోనులో వైఫై బలమును చూపు ఉచిత ఆప్‌లు దొరకును. అవి బలమును మైనస్ అంకెలతో చూపును. రౌటరు ముందర మైనస్ 40 ఉండవచ్చును. మైనస్ 67 వరకు వీడియో పాఠము తడబడక నడచును. మైనస్ 80 దాటినచో అక్షరములే కష్టముగా వచ్చును. ఈ అంకెలను లెక్కల పుస్తకములోని అంకెలవలె చదువరాదు. పది అంకెలు దిగుటయనగా శక్తి పదవ వంతునకు పడిపోవుట. ఇరువది దిగుటయనగా నూరవ వంతు. తలుపు మూసినప్పుడు, తెరచినప్పుడు అంకె ఎట్లు మారునో చూచిన విద్యార్థికి భౌతికశాస్త్ర పాఠము ఒకటి ఉచితముగా వచ్చినట్లే.

మా విద్యార్థిని ఒకామె ఇల్లు ఇట్టి క్రొత్త భవనములో ఉన్నది. హాలులో టీవీ క్రింద చెక్క అలమారా, దానిలో రౌటరు, దాని ప్రక్కన ఇనుప బీరువా. ఆమె చదువుకొను గది లోపలి మూలన, రెండు కాంక్రీటు గోడలకు ఆవల ఉన్నది. తండ్రిగారు ఏడాదిలో రెండుమార్లు ప్లాను పెంచిరి. కుమార్తె తరగతి మాత్రము తెగిపోవుచునే ఉన్నది. "సార్, అమ్మాయి చదువుకని ఇంత కట్టుచున్నాను, ఇంకెంత కట్టమందురు?" అని ఆయన మమ్ము అడిగిరి. రౌటరుకు రెండడుగుల దూరమున నిలిచి చూచిన, చెల్లించిన వేగమంతయు వచ్చుచున్నది. ఆమె గదిలో దానిలో పదవ వంతైనను లేదు. తీగ నిర్దోషి, దోషము గోడలది, అలమారాది. రౌటరును అలమారా నుండి తీసి, పడకగదులకు పోవు నడవ మొగదలలో, తల ఎత్తున గోడకు బిగించిరి. ఆ నెల ప్లానును మరల తగ్గించుకొన్నారు కూడ.

పరీక్షించు క్రమము ఇంతే. ముందు దీపములు చూడవలెను. తరువాత రౌటరుకు అతి సమీపమున, వీలున్న ల్యాన్ తీగతో ల్యాప్‌టాపునకు కలిపి, వేగము చూడవలెను. అక్కడనే వేగము రాకున్న చిక్కు తీగది. ఉదయము బాగుండి రాత్రి తొమ్మిదింటికి మందగించిన, వీధి అంతయు ఒకే పోగు మీద కూర్చున్నదని అర్థము. ఆ రెండు వేళల ఫలితములను తేదీలతో వ్రాసి ఆపరేటరుకు చూపిన అతడు తప్పించుకొనుట కష్టము. రౌటరు దగ్గర బాగుండి గదిలో లేకున్న చిక్కు తరంగముది. ఆపరేటరుతో వాదించుట వ్యర్థము. ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఫోను పైభాగమున కనబడు వైఫై గుర్తు ఫోనుకు రౌటరుకు నడుమనున్న బంధమును మాత్రమే తెలుపును. గుర్తు నిండుగా ఉండి పాఠము తెరచుకొనకపోవుట అసంభవము కాదు, అనుదిన వృత్తాంతము. వేగములో కూడ ఒక మాయ కలదు: 100 మెగాబిట్ల ప్లాను అనగా సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. బిట్లు ఎనిమిది కలిసిన ఒక బైటు.

రౌటరును ఉంచు చోటు గురించి అనుభవముతో తేలినవి కొన్ని ఉన్నవి. ఇంటికి నడిమి భాగమున, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, బయలుగా ఉండవలెను. బీరువా, నిలువుటద్దము, రిఫ్రిజిరేటరు, చేపల తొట్టి ప్రక్కన ఉండరాదు. లోహము తరంగమును త్రిప్పికొట్టును, నీరు త్రాగివేయును. మేడమీది గదివారికి నీళ్ల ట్యాంకు కూడ అడ్డమే. నిలువుగా నిలిపిన ఏంటెనా నుండి తరంగము గారె ఆకారమున నలుదిక్కులకు వ్యాపించును; కొనవైపు నుండి వెలువడునది స్వల్పము. కనుక ఒకే అంతస్తు ఇంటిలో ఏంటెనాలను నిటారుగా నిలుపవలెను. మెట్ల ఇంటిలో ఒకదానిని అడ్డముగా వంచవచ్చును. ఒకప్పుడు హైదరాబాదులోనే తయారైన ఇ.సి. టీవీలను కొన్నవారు డాబా ఎక్కి ఏంటెనాను త్రిప్పుచు, "వచ్చిందా?" అని కేకవేయుచుండెడివారు. ఆ విద్య ఇంకను పనికిమాలినది కాలేదు.

ఇంటిలోని గోడలన్నియు కాంక్రీటువైనచో చోటు మార్చుట ఒక్కటే చాలకపోవచ్చును. అంగడిలో రిపీటరు అను చౌక పరికరమును చూపుదురు. అది ఒకే నోటితో విని అదే నోటితో మరల చెప్పవలెను గనుక చౌకవానిలో వేగము సగము పోవును. పైగా దానిని తరంగము అందని గదిలోనే పెట్టుదురు. అందని మాటను అది మాత్రము ఏమని తిరిగి చెప్పగలదు? మంచి మార్గము మరియొకటి కలదు. రౌటరు నుండి ఆ గదివరకు ఒక ల్యాన్ తీగ లాగి, ఆ కొనన రెండవ రౌటరును ఉంచవలెను. తీగ 100 మీటర్లవరకు నష్టము లేక పనిచేయును. ఇంటికి అది చాలినంత. అనేక ఫ్లాటులలో గోడ లోపల గొట్టములు ముందే వేసియుందురు. రెండవ రౌటరును 'ఆక్సెస్ పాయింట్' పద్ధతికి మార్చవలెను. మార్చకున్న రెండు పెట్టెలును ఇంటి యజమానులమనుకొని చిరునామాలు పంచుటకు పోటీపడును. ఆ ఇంటిలో ఒక ఫోను పనిచేయును, ప్రక్క ఫోను పనిచేయదు. కారణము ఎవరికిని అంతుపట్టదు.

గోడలు అనుకూలముగా ఉన్నను పొరుగువారు అడ్డము రావచ్చును. పూర్వము మన పెద్దలు రేడియో పెట్టె ఇంటిలో ఉంచుకొనుటకే తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము చెల్లించెడివారు. రౌటరు వినుట మాత్రమే కాదు, ప్రసారము కూడ చేయును. అయినను లైసెన్సు లేదు, ఎందుకనగా భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్‌జ్ భాగమును 2005లో, 5 గిగాహెర్ట్‌జ్‌లో విశాలమైన భాగమును 2018లో లైసెన్సు నుండి విముక్తము చేసినది. అందరికి ఉచితమైన బాటపై రద్దీ సహజము. ఒక్క భవనములో నిలుచుండి చూచిన ఇరువది ముప్పది ఇండ్ల పేర్లు ఫోనులో కనబడును.

ఒకే ఛానెలుపై ఒకే క్షణమున ఒక్కరే మాటాడవలెనన్నది వైఫై నియమము. ముషాయిరాలో షమా ఎవరి ముందుకు వచ్చిన వారే చదువుదురు, తక్కినవారు వేచియుందురు, అట్లే. ఇక్కడ షమాను త్రిప్పువారు లేరు. ఎవరికి వారే చెవియొగ్గి, నిశ్శబ్దముగా ఉన్నదని తోచిన క్షణమున మొదలుపెట్టవలెను. ఇద్దరొకసారి మొదలుపెట్టిన ఇద్దరి మాటలును చెడును. కొంత ఆగి మరల చెప్పవలెను. ఈ పద్ధతికి మూలము 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు ద్వీపముల నడుమ నడపిన 'అలోహా' రేడియో జాలమున ఉన్నది. వైఫై తొలి ప్రమాణము 1997లో వెలువడినది. ఇంటిలోని రౌటరును అష్టావధానితో పోల్చవచ్చును. పృచ్ఛకులందరికి ఒకేసారి చెప్పుచున్నట్లు కనబడును గాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు పోవుచుండును. నత్తనడక పాత ఫోను ఒకటి సభలో ఉన్నచో దాని వంతు వచ్చినప్పుడెల్ల తక్కినవారందరు కూర్చుండవలసినదే. ఇక అప్రస్తుత ప్రసంగి లేనిదే అవధానము లేదు గదా! ఆ పాత్ర వంటింటి మైక్రోవేవ్ ఓవెనుది. అదియు 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతముననే పనిచేయును. అన్నము వేడిచేయుచున్న రెండు నిముషములలో పాఠము ఆగిన కారణము అదియే కావచ్చును.

2.4 భాగములో ఛానెళ్లు పదమూడున్నను ఒకదానిపై ఒకటి పడకుండ నిలుచునవి 1, 6, 11 మూడే. ప్రక్కింటివారు 6పై ఉన్నారని మనము 7కు పోవుట మేలు కాదు, కీడు. వారి మాట మనకు సగము వినబడి చెదరగొట్టును. మూడింటిలో రద్దీ తక్కువైనదానిని ఆప్‌లో చూచి ఎన్నుకొనవలెను. రౌటరుకు దగ్గరి గదులవారు 5 గిగాహెర్ట్‌జ్‌కు మారిన అన్నింటికంటె మేలు. అక్కడ ఛానెళ్లు ఎక్కువ; పైగా కాంక్రీటు గోడలు ఇక్కడ మనకే కావలి కాయును, పొరుగింటి తరంగమును మనవైపు రానీయవు. మైవాన్ గోడను ఇంతసేపు నిందించినాము గనుక ఈ ఒక్క ఉపకారమును చెప్పుట న్యాయము.

రౌటరు అమరికకు పెద్ద విద్య అక్కరలేదు. పెట్టె అడుగున అంటించిన కాగితముపై దాని చిరునామా, సాధారణముగా 192.168.1.1 లేక 192.168.0.1, వ్రాసియుండును. ఫోనులో ఆ అంకెలు కొట్టిన అమరిక పుట తెరచుకొనును. 192.168తో మొదలగు ఈ చిరునామాలు ఇంటిలో మాత్రమే చెల్లును. ప్రతి హాస్టలులోను 12వ నంబరు గది ఉండవచ్చును. తపాలాబంట్రోతుకు తెలిసినది హాస్టలు పేరు మాత్రమే, గది వెదకి ఉత్తరమిచ్చునది వార్డెను. రౌటరు ఆ వార్డెను. ప్రపంచమునకు మొదట ఏర్పరచిన చిరునామాలు సుమారు 430 కోట్లు. వాని మూల నిల్వ 2011 ఫిబ్రవరిలో పంచుట ముగిసినది. ఇంటికొక చిరునామాతో పది పరికరములు బ్రతుకుచున్నవన్న అది ఈ వార్డెను చలువయే. ఏ పరికరమునకైన 169.254తో మొదలగు చిరునామా కనబడిన, వార్డెను దానికి గది ఇవ్వలేదన్నమాట. పరికరమును ఒకసారి విడదీసి కలుపవలెను, అప్పటికిని కాకున్న రౌటరును ఆపి తెరువవలెను.

ఆపి తెరచుట వేరు, రీసెట్ చేయుట వేరు. వెనుక గుంటలోనున్న చిన్న మీటను గుండుసూదితో పది సెకన్లు నొక్కిన, రౌటరు తనకు తెలిసినదంతయు మరచిపోవును. అనేక ఆపరేటర్లు ఇంటికొక యూజర్ పేరు, పాస్‌వర్డు ఇచ్చి రౌటరులో నింపియుందురు. అదియు పోవును. శనివారము రాత్రి రీసెట్ నొక్కిన ఇంటికి సోమవారమువరకు ఇంటర్నెట్టు రాకపోవుట మేమెరుగుదుము. కనుక ఆ పేరు, ఆ పాస్‌వర్డు ముందుగా అడిగి పుస్తకములో వ్రాసికొనవలెను. క్రొత్త రౌటరు కొన్నప్పుడు కూడ కొందరు ఆపరేటర్లకు దాని గుర్తింపు సంఖ్యను చెప్పి నమోదు చేయించినగాని వారి వ్యవస్థ దానిని చేరనీయదు. క్రొత్త పెట్టె చెడిపోయినదని అంగడికి తిరిగి పరుగెత్తుటకు ముందు ఇది విచారింపవలెను.

తాళము సంగతి చాలమంది చులుకనగా చూతురు. రౌటరుకు తాళములు రెండు: వైఫైలో చేరుటకు ఒకటి, అమరిక పుట తెరచుటకు ఒకటి. మొదటిదానికి డబ్ల్యు.పి.ఎ.2 లేక 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 పద్ధతిని ఎంచుకొని, ఫోను నంబరు కాని పొడవైన మాటను పెట్టవలెను. రెండవదానిని కర్మాగారమువారు 'అడ్మిన్' అని పెట్టి పంపుదురు, ఇంటివారు అట్లే ఉంచుదురు. 2017 జులైలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారుల మోడెములు వేల సంఖ్యలో ఒక దుష్ట ప్రోగ్రాము దాడికి గురియై పనిచేయకపోయినవి. అది చొరబడినది ఈ మార్చని పాస్‌వర్డు గుండనే. పాస్‌వర్డులు మార్చుకొనవలసినదని సంస్థవారు వినియోగదారులకు చెప్పవలసి వచ్చినది.

మొదటి తాళము లేకున్న కలుగునది ఇంకను ఘోరము. 2008 జులైలో అహ్మదాబాదు పేలుళ్లకు ముందు వార్తా సంస్థలకు వచ్చిన ఈ-మెయిలును పోలీసులు వెదకుచు పోగా, అది నవీ ముంబయిలో ఒక విదేశీయుని ఫ్లాటులోని వైఫై నుండి వెలువడినట్లు తేలినది. తాళము లేని ఆ వైఫైని మరియొకరు వాడుకొనిరి. ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చినది మాత్రము ఆ గృహస్థునకు. ఆ దరిమిలా 2009 ఫిబ్రవరిలో టెలికం శాఖ వైఫై భద్రతపై ఉత్తరువులిచ్చినది. బయటి ప్రపంచమునకు కనబడునది ఇంటి చిరునామా ఒక్కటే. దాని వెనుక ఎవరి చేయి ఉన్నదో అది చెప్పదు, ఎవరి పేరున కనెక్షను ఉన్నదో వారి తలుపే తట్టుదురు. అద్దె ఇండ్లలో నలుగురు విద్యార్థులు ఒకరి పేరున కనెక్షను తీసికొని పాస్‌వర్డును క్రింది దుకాణమువరకు పంచిపెట్టుట గోపన్‌పల్లిలోను ఉన్నది, అన్నిచోట్లను ఉన్నది. పేరు ఇచ్చిన విద్యార్థి దీనిని ఆలోచించుకొనవలెను. అతిథులు వచ్చినప్పుడు 'గెస్ట్' పేరున వేరొక వైఫై తెరచి, వారు వెళ్లిన తరువాత మూయవచ్చును. ఇది మర్యాదకు లోపము కాదు. గది ఖాళీ చేసినవాడు వెళ్లిన దినముననే పాస్‌వర్డును మార్చవలెను.

చివరగా కరెంటు. ఎండాకాలమున మూసిన అలమారాలో రౌటరు వేడెక్కి తనంతట తానే ఆగుచుండును. పైన గుడ్డ కప్పుట మానవలెను. అడాప్టరు పాతబడిన దీపములు వెలుగుచునే మాటిమాటికి సంబంధము తెగును. మార్చునప్పుడు దానిపై వ్రాసిన వోల్టులను సరిగా అంతే చూచుకొని, ఆంపియర్లు తగ్గకుండ కొనవలెను. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు మరల నిలద్రొక్కుకొనుటకు రెండు మూడు నిముషములు పట్టును. పరీక్ష వ్రాయువారికి అవి చాల దీర్ఘమైన నిముషములు. అందుకు మినీ యు.పి.ఎస్. అను చిన్న బ్యాటరీ పెట్టె దొరకుచున్నది. ఓ.ఎన్.టి., రౌటరు వేరువేరుగా ఉన్న ఇంటిలో రెండింటిని దానికి కలుపవలెను. రౌటరును మాత్రమే కలిపిన, కరెంటు పోయినప్పుడు ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనబడుచుండును, పాఠము మాత్రము రాదు. కలుపుటకు ముందు రెండు పెట్టెల వోల్టులను చదువవలెను. కొన్నిటికి 12, కొన్నిటికి 9.